తుంటి బంతికి రక్తం అందకపోతే

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

నేను తుంటి ఆపరేషన్లు చేసే డాక్టర్ని. తుంటి జబ్బుతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ మాటే ఎత్తరు. "మోకాలు నొప్పండీ" అంటారు. చేతిలో మోకాలి ఎక్స్‌రేలు రెండు మూడు ఉంటాయి, అన్నీ నార్మల్. మోకాలికి బెల్టు వేసుకుని ఉంటారు, పూతమందులు రాసి రాసి విసిగిపోయి ఉంటారు. సంగతేంటంటే, మోకాలికీ తుంటికీ కొన్ని నరాలు ఉమ్మడి. తుంటిలో పుట్టిన నొప్పిని మెదడు మోకాలి ఖాతాలో రాసేస్తుంది. అందుకని నేను మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి కాస్త పైకెత్తి, పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పుతాను. అలా తిప్పితే పైన తుంటి బంతి లోపలివైపు తిరుగుతుంది. తుంటిలో తేడా ఉంటే మొహం మారిపోతుంది, చెయ్యి దానంతటదే గజ్జ మీదికి పోతుంది. ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో చూస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఈ రోజు మాట్లాడుకునే జబ్బుకి అందరి నోటా నానిన పేరు ఏవీఎన్, అంటే అవాస్కులర్ నెక్రోసిస్. ఎముకలో కొంత భాగానికి రక్తం అందక ఆ ముక్క చచ్చిపోవడం. శరీరంలో చాలాచోట్ల రావచ్చు గానీ, ఎక్కువగా వచ్చేదీ ఎక్కువగా బాధపెట్టేదీ తుంటి బంతిలోనే. రిపోర్టు చేతికొచ్చాక చాలామంది "ఎముక కుళ్లిపోయిందంట" అని కళ్లనీళ్లతో వస్తారు. కుళ్లడం కాదండీ. అక్కడ చీము లేదు. అది క్యాన్సర్ కాదు. పక్కవాళ్లకి అంటదు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, అది పెట్టే భయం జబ్బుకంటే పెద్దది.

తుంటి కీలు బంతీ గిన్నే లాంటిది. తొడ ఎముక పైకొసన గుండ్రటి బంతి, కటి ఎముకలో దానికి సరిపడా గిన్నె. బంతికి కింద సన్నటి మెడ. బంతికి వెళ్లే రక్తంలో ఎక్కువ భాగం ఈ మెడ వెనకవైపు నుంచి, ఎముకని అంటిపెట్టుకుని పైకి పాకే సన్నటి నాళాల్లోంచే వెళ్లాలి. గిన్నె వైపు నుంచి ఒక చిన్న నాళం వస్తుంది గానీ, పెద్దవాళ్లలో దాని సాయం అంతంతమాత్రం. అంటే తుంటి బంతి కాలవ చివరి పొలం. పైన ఎక్కడ గండి పడ్డా, ఎక్కడ పూడుకుపోయినా ముందు ఎండేది అదే. ఇంకో కాలవ నుంచి నీళ్లు మళ్లించుకునే వీలు దానికి లేదు.

మరి ఎందుకు ఆగిపోతుంది? కొన్నిసార్లు కారణం కళ్లముందే ఉంటుంది. తొడ ఎముక మెడ విరిగితే ఆ నాళాలు తెగుతాయి. ప్రమాదంలో బంతి గిన్నెలోంచి బయటికి జారిపోతే నాళాలు మెలిపడతాయి, సాగిపోతాయి. అందుకే జారిన తుంటిని గంటల్లో లోపల పెట్టెయ్యాలని మేం తొందరపడతాం. తెల్లారాక చూద్దాంలే అనుకునే పని కాదది.

దెబ్బ తగలకుండా వచ్చేవాటిలో రెండు పెద్ద కారణాలు స్టెరాయిడ్ మందులు, మద్యం. ఎక్కువ మోతాదులో, వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే మజ్జలో కొవ్వు కణాలు ఉబ్బుతాయి. ఎముక అంటే గట్టి డబ్బా, బెలూన్ కాదు కదా, లోపల ఒకటి ఉబ్బితే ఇంకొకటి నలగాలి. నలిగేది సన్నటి రక్తనాళాలు. కోవిడ్ రోజుల్లో చాలామందికి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చింది, తర్వాత కొందరిలో ఈ జబ్బు కనబడిందని చాలా దేశాల డాక్టర్లు రాశారు. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్నవాళ్లలో కొడవలిలా వంగిన ఎర్రకణాలే నాళాలకి అడ్డం పడతాయి. సముద్రం లోతుల్లో పనిచేసి గబగబా పైకొచ్చే డైవర్లలో నత్రజని బుడగలు ఆ పని చేస్తాయి. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు.

స్టెరాయిడ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఉపన్యాసం విని ఇంటికెళ్లి మాత్రలు చెత్తబుట్టలో పడేసినవాళ్లని చూశాను. వద్దు. లూపస్‌కో (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు) కిడ్నీ జబ్బుకో ఆ మందు ప్రాణం నిలబెడుతోంది. చాలా రోజులుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోను వెంటనే అందుకోలేదు, మనిషి కుప్పకూలిపోవచ్చు. మోతాదు తగ్గించే దారి ఉందా అని రాసిన డాక్టర్నే అడగండి. ఆస్తమా ఇన్‌హేలర్లో ఉండేది చాలా తక్కువ, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. జిమ్‌లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరే జాతి, వాటి గొడవలు వాటికున్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రక్తం ఆగిన రోజున ఏమీ తెలియదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు. ఇంకో వింత ఏమిటంటే, చచ్చిన ఎముక వెంటనే బలహీనపడదు. ఎముక బలం దాని ఖనిజంలో, దాని అల్లికలో ఉంది. కణాలు చచ్చినా ఆ అల్లిక అలాగే నిలబడి ఉంటుంది. మనిషి మామూలుగా నడుస్తూనే ఉంటాడు. మరి ఎప్పుడు కూలుతుంది? శరీరం రిపేరు మొదలుపెట్టాక.

చచ్చిన ముక్క చుట్టూ బతికున్న ఎముక ఉంటుంది. అక్కడి నుంచి కొత్త నాళాలు లోపలికి దూరతాయి. వాటితోపాటు రెండు రకాల పనివాళ్లు వస్తారు. పాత ఎముకని తినేసే కణాలు, కొత్త ఎముకని కట్టే కణాలు. ఇద్దరూ ఒకే వేగంతో పనిచేస్తే గొడవే లేదు. కానీ తినేవాళ్లు ముందుంటారు, కట్టేవాళ్లు వెనకబడతారు. ఈలోగా మనిషి నడవడం ఆపడు. మామూలు నడకలోనే ఒక్కో అడుగుకి తుంటి మీద ఒంటి బరువుకి రెండున్నర నుంచి మూడు రెట్లు పడుతుంది. పాత గోడ సగం తీసేశారు, కొత్త గోడ ఇంకా లేవలేదు, పైన స్లాబు బరువు తగ్గలేదు. ఒక రోజు బంతి నున్నటి పైపొరకి సరిగ్గా కింద ఎముక చిట్లుతుంది. ఎక్స్‌రేలో అది నెలవంకలా సన్నటి నల్లగీతగా కనబడుతుంది. మేం నెలవంక గుర్తు అనే అంటాం. చూడ్డానికి అందంగానే ఉంటుంది. దాని అర్థం మాత్రం బంతి కూలడం మొదలైందని.

ఆపరేషన్లో తీసిన బంతిని చేతిలో పట్టుకుని చూస్తే ఇదంతా కథలా కనబడుతుంది. పైపొర, అంటే మృదులాస్థి, చాలాసార్లు తెల్లగా మెరుస్తూ బాగానే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే ఒకచోట టేబుల్ టెన్నిస్ బంతిలా లోపలికి సొట్టపడి మళ్లీ పైకొస్తుంది. కింద పట్టు లేదన్నమాట. రంపంతో రెండుగా కోస్తే చచ్చిన భాగం పసుప్పచ్చగా, సుద్దలా, పైన వెడల్పుగా కింద సన్నగా ఉంటుంది. దాని అంచున ఎర్రటి గీత. అక్కడే రిపేరు నడుస్తున్నది. ఆ గీత దాటితే మామూలు ఎముక. నేను మొదటిసారి చూసినప్పుడు, ఇంత చిన్న ముక్క కోసమా మనిషి ఇన్నేళ్లు కుంటింది అనిపించింది.

ఎక్స్‌రేలో నెలవంక కనబడేసరికే ఆలస్యం అయిపోయిందని మీకిప్పటికి అర్థమై ఉంటుంది. తొలి దశలో ఎక్స్‌రే నార్మల్‌గా ఉంటుంది. ఎమ్మారైలో మాత్రం దొరికిపోతుంది. కాబట్టి స్టెరాయిడ్ వాడిన చరిత్ర ఉండి, గజ్జలో నొప్పి ఉండి, ఎక్స్‌రే నార్మల్ అన్నారంటే ఊరుకోవద్దు, ఎమ్మారై సంగతి అడగండి.

బంతి ఇంకా కూలకపోతే దాన్ని కాపాడే ప్రయత్నాలున్నాయి. మెడలోంచి బంతిలోకి సన్నటి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించడం, దాంట్లో ఎముక పొడో మజ్జ కణాలో నింపడం, మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదాన్ని కొంత రక్తనాళంతో సహా తెచ్చి ఊతంగా పెట్టడం. చచ్చిన భాగం చిన్నదైతే వీటితో లాభం ఉంటుంది, పెద్దదైతే నమ్మకం తగ్గుతుంది. బంతి కూలాక మాత్రం రంధ్రాలు చేయించుకోవద్దనే నా సలహా. సొట్టపడ్డ బంతి మళ్లీ గుండ్రంగా అవదు. అయినా "తుంటి మార్పిడి తప్పించుకోవచ్చు" అన్న ఆశతో చేయించుకుని, ఆరు నెలలు కర్రల మీద నడిచి, చివరికి మార్పిడికే వచ్చినవాళ్లున్నారు.

ఇక మార్పిడి. తుంటి బదులు ఇంకేదైనా పెట్టాలన్న ఆలోచన పాతదే. 1891లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో చేసి చూశాడు. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ స్టీలుతో చేశాడు. ఏవీ పెద్దగా నిలబడలేదు. దారి చూపించింది ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. ఆయన ముందు టెఫ్లాన్ గిన్నెలు పెట్టాడు. పెనాలకి పూసే జారుడు పదార్థం కదా, తుంటిలోనూ జారుతుందనుకున్నాడు. జారింది, కానీ రెండు మూడేళ్లలో అరిగిపోయింది. రాలిన పొడికి చుట్టూ ఎముక దెబ్బతింది. తను పెట్టినవాటిని తనే మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ సమయంలో ఒక సేల్స్‌మన్ యంత్రాల్లో వాడే గట్టి పాలిథిన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ గోటితో గీరి చూసి, ఇది పనికిరాదని తోసేశాడు. ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం మాట వినకుండా దాన్ని అరుగుదల మిషన్ మీద పెట్టి తిప్పాడు. రోజులు గడిచినా అది దాదాపు అరగలేదు. 1962 నవంబరు నుంచి చార్న్‌లీ ఆ ప్లాస్టిక్‌నే పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ముక్కల్ని తన తొడలోనే పెట్టుకుని చూశాడు కూడా. ఈ రోజు మేం పెట్టే గిన్నె లోపలి పొర ఎక్కువ శాతం ఆ ప్లాస్టిక్ మనవడే, ఇంకా గట్టిపరిచిన రకం. మాట వినని ఆ టెక్నీషియన్‌కి మనందరం రుణపడి ఉన్నాం.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెప్తాను, కళ్లు తిరిగేవాళ్లు ఒక నిమిషం కిటికీలోంచి చూడండి. చాలామందికి నడుములో ఇంజెక్షన్ ఇచ్చి కింది భాగం తిమ్మిరెక్కిస్తాం. మెడ దగ్గర కోసి బంతిని తీసేస్తాం. గిన్నెని సగం గోళంలాంటి బరకటి పనిముట్టుతో కొద్దికొద్దిగా పెద్ద సైజుకి గీకుతూ, రక్తం చెమర్చే ఎముక వచ్చేదాకా వెళ్తాం. దాంట్లో బరక ఉపరితలం ఉన్న టైటానియం కప్పుని బిగుతుగా కొట్టి దింపుతాం. తర్వాత ఆ బరకలోకి మన ఎముకే పెరిగి పట్టేసుకుంటుంది. కప్పులో ప్లాస్టిక్ పొర. తొడ ఎముక లోపలి గొట్టాన్ని ఆకురాయిలాంటి వాటితో సరిచేసి స్టెమ్ అనే లోహపు కాడని దింపుతాం, దాని తల మీద లోహందో సిరామిక్‌దో కొత్త బంతి. స్టెమ్ దింపేటప్పుడు మేం చెవులు రిక్కించి వింటాం. సుత్తి దెబ్బ మొదట బొంగురుగా వినబడుతుంది, బిగుసుకునేకొద్దీ స్వరం పెరుగుతుంది. ఆ స్వరం మారగానే ఆపాలి. ఇంకో రెండు దెబ్బలు అత్యాశకి కొడితే ఎముక చిట్లుతుంది. తిమ్మిరి ఇచ్చి మెలకువగా ఉన్న పేషెంట్లకి ఈ చప్పుడు వినబడుతుంది. "లోపల వడ్రంగి పని చేస్తున్నారా సార్" అని ఒకావిడ అడిగింది. అదేనమ్మా అన్నాను.

వయసు వల్ల అరిగిన తుంటి వేరు, ఏవీఎన్ తుంటి వేరు. ఇక్కడ మనిషి చిన్నవాడు. 30ల్లో, 40ల్లో ఉంటాడు, ఉద్యోగం ఉంటుంది, పిల్లలు చిన్నవాళ్లు. ఎముక తీరు కూడా వేరు. సికిల్ సెల్‌లో తొడ ఎముక గొట్టం లోపల రాయిలా గట్టిపడి మూసుకుపోయి ఉంటుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువే. ఆపరేషన్ సమయంలో ఒళ్లు చల్లబడకుండా, నీరు తగ్గకుండా, ఆక్సిజన్ తగ్గకుండా కాచుకోవాలి. గిన్నె బాగానే ఉంది కదా, బంతి ఒక్కటే మారిస్తే పోలా అని అడుగుతారు. చురుగ్గా తిరిగే వయసులో లోహపు బంతి మన గిన్నెని అరగదీస్తుంది, నొప్పి మళ్లీ మొదలవుతుంది. అందుకే నేను రెండూ మారుస్తాను.

"ఎన్నేళ్లు వస్తుంది సార్?" ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. 2019లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం 100 తుంటి మార్పిడుల్లో దాదాపు 58, 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. అవి పాత తరం సామాను లెక్కలు, పైగా వాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. ఇప్పటి ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది. కానీ 35 ఏళ్లవాడు 65 ఏళ్లవాడి కంటే ఎక్కువ నడుస్తాడు, ఎక్కువ బరువులెత్తుతాడు, ఎక్కువ కాలం బతుకుతాడు. కాబట్టి వాడికి జీవితంలో ఇంకో ఆపరేషన్ పడే అవకాశం ఉందని మొహం మీదే చెప్తాను. జీవితకాలం గ్యారంటీ అని ఎవరైనా చెప్తే నాకు అనుమానమే. లోహం మీద లోహం రాపాడే రకాలు ఒకప్పుడు యువకులకి వరమన్నారు. వాటిలో ఒక మోడల్‌ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. సిరామిక్ మీద సిరామిక్ దాదాపు అరగదు గానీ కొందరిలో కీచుమంటుంది. రోజూ మెట్లెక్కేటప్పుడు తలుపు బందులా చప్పుడొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? నేను ఎక్స్‌రే ఫిల్మ్ చూసే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. "కాలి గోళ్లు ఎవరు తీస్తున్నారు?"

ఒక డ్రైవరు వచ్చాడు, 38 ఏళ్లు. నాలుగేళ్లుగా నొప్పి. "నీది చిన్న వయసు, 60 దాకా ఆగు" అని ఎవరో చెప్పారట. ఆగాడు. గోళ్ల సంగతి అడిగితే తల వంచుకుని భార్య వైపు చూశాడు. ఆవిడే తీస్తోంది. సాక్సు ఎలా వేసుకుంటావంటే, నేల మీద పరిచి కాలివేళ్లతో పట్టుకుని, కర్రతో పైకి లాక్కుంటానని చేసి చూపించాడు. కుడికాలు రెండు సెంటీమీటర్లు పొట్టి అయింది. తొడ కండ కరిగిపోయింది. వంకరగా నడిచి నడిచి నడుము నొప్పి తెచ్చుకున్నాడు. ఆ నాలుగేళ్లు ఆగడం వల్ల తుంటికి ఏం మిగిలింది? ఏమీ లేదు. పోయింది మాత్రం కండ, జీతం, నిద్ర. 60 దాకా ఆగమనే సలహా చార్న్‌లీ కాలంలో సబబు, అప్పటి సామానుకి అంతే శక్తి. ఇప్పుడు కూలిన బంతి, చెదిరిన రోజు ఉన్నాక, వయసు ఒక్కటే చూపించి ఆపడం న్యాయం కాదు. అలాగే ఫిల్మ్‌లో బంతి ఎంత చెడ్డగా కనబడినా మనిషి హాయిగా నడుస్తూ గోళ్లు తనే తీసుకుంటుంటే నేను కత్తి పట్టను.

ఆపరేషన్ అయిన రోజో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతాం. మొదటి వారాల్లో తొడని 90 డిగ్రీలు దాటి మడవకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. ముఖ్యంగా వెనకనుంచి కోసిన తుంటికి ఈ జాగ్రత్తలు, లేకపోతే బంతి జారొచ్చు. కాలి నాళాల్లో రక్తం గడ్డకట్టకుండా మందులుంటాయి, మానకండి. జ్వరంతోపాటు గాయం కారడం మొదలైతే యాంటీబయాటిక్ మాత్ర కొనుక్కుని మింగొద్దు, ఆపరేషన్ చేసినవాళ్ల దగ్గరికి పరుగెత్తండి. లోహం మీద బ్యాక్టీరియా ఒకసారి పీఠం వేసుకుంటే మాత్రలకి లొంగదు.

ఇక నా మాటలు చాలు. ప్రశ్నలు అడగండి.

అవునమ్మా, మార్పిడి అయ్యాక కూడా ఎమ్మారై తీయించుకోవచ్చు. ముందు చెప్పండి, ఏ రకం ఇంప్లాంటో కార్డు చూపించండి. ఎయిర్‌పోర్టులో గేటు కుయ్యిమంటే కంగారు పడొద్దు, తుంటిలో లోహం ఉందని చెప్తే సరిపోతుంది.

ఆ చివర ఎవరో చెయ్యెత్తారు... రెండో తుంటి సంగతా? మంచి ప్రశ్న, నేనే మర్చిపోయాను. దెబ్బ వల్ల కాకుండా వచ్చిన ఏవీఎన్ చాలామందిలో రెండు వైపులా ఉంటుంది. ఒకటి గోల పెడుతుంది, ఇంకొకటి నోరెత్తకుండా ఉంటుంది. అందుకే ఎమ్మారై ఎప్పుడు తీసినా రెండు తుంటులూ కలిపి తీయాలి. రెండో దాంట్లో చచ్చిన భాగం చిన్నదై, బంతి చెక్కుచెదరకుండా ఉంటే కనిపెట్టి చూస్తాం. పెద్దదైతే కూలకముందే రంధ్రం చేసే ఆలోచన ఉంటుంది. ఆ డ్రైవరుకి ఎడమ తుంటిలో చిన్న మచ్చ ఉంది. కుడివైపు మార్చి మూడేళ్లయింది, తాగుడు మానేశాడు, ఎడమవైపు ఏడాదికోసారి చూస్తున్నాం. మొన్న వచ్చినప్పుడు చెప్పులు విప్పి రెండు పాదాలూ బల్ల మీద పెట్టాడు, అడక్కుండానే. గోళ్లు వంకరటింకరగా ఉన్నాయి. "నేనే తీసుకున్నాను సార్" అన్నాడు.